పేరొకటే, ప్రకృతి వేఱు

పైన వ్రాసియున్న పేరును మాత్రమే చూచి వస్తువును మెచ్చుటయు, మనుష్యుని నిందించుటయు గూడ పొరపాటే. ఇందులకు మా పుట్టినింట జరిగిన యొక సంగతిని విన్నవించెదము.

2003వ సంవత్సరమున మా యన్నగారు, అమ్మగారి చీటీసొమ్ముతో బెంగుళూరునందు ఒకరు వాడిన లాప్‌టాపును కొని మదనపల్లెకు తెచ్చిరి. అందలి ప్రాసెసరు పెంటియం 3. వేగము 650 మెగాహెర్ట్‌జులు. పొరుగింటి డెస్క్‌టాపు కంప్యూటరునకును అదే పేరు, అదే వేగము. అయినను కరెంటు పోయినప్పుడెల్ల మా యంత్రము మందగించుచుండెను. "పేరు చూచి మోసపోతివి" అని నాన్నగారు కసరగా, అన్నగారు ఆ రాత్రి అన్నము ముట్టలేదు. మఱునాడు అమ్మగారే కనిపెట్టిరి: గోడకు తీగ తగిలించినంతనే వేగము మరల వచ్చుచున్నది!

అది లోపము గాదు, పొదుపు. డెస్క్‌టాపునకు గోడనుండి కరెంటు ఎడతెగక వచ్చును. వేడిని పోగొట్టుటకు పెద్ద పంకా యుండును. లాప్‌టాపునకో, గోడ విడిచినచో బ్యాటరీయే దిక్కు, పెట్టెయు పలుచన. అందుచే 1990లో ఇంటెల్ సంస్థవారు లాప్‌టాపులకొఱకే 386ఎస్ఎల్ అను ప్రాసెసరును చేసి, పనిలేని భాగములను నిద్రపుచ్చు నేర్పును దానికి గూర్చిరి. 1995లో వచ్చిన లాప్‌టాపు పెంటియములలో లోపలి వోల్టేజిని 3.3 నుండి 2.9కి దించిరి. వోల్టేజి కొంచెము తగ్గినను ఖర్చు దాని వర్గము చొప్పున తగ్గును గనుక, ఐదవవంతుకు మించి కరెంటు మిగులును.

2000 జనవరిలో స్పీడ్‌స్టెప్ అను పద్ధతి వచ్చెను. మా యింటి ప్రాసెసరు ఆ జాతిదే. గోడకరెంటుమీద 1.6 వోల్టులతో 650 మెగాహెర్ట్‌జులు, బ్యాటరీమీద 1.35 వోల్టులతో 500. వేగము నూటికి 23 పాళ్లు తగ్గగా, ప్రాసెసరు ఖర్చు లెక్కప్రకారము 45 పాళ్లు తగ్గును. నూనె తక్కువైనప్పుడు వత్తిని తగ్గించి దీపమును తెల్లవారువఱకు నిలుపు ఇల్లాలి నేర్పే యిది.

నేడును పేరు ఒకటైనంతమాత్రమున ప్రకృతి యొకటి గాదు. ఇంటెల్ లాప్‌టాపు ప్రాసెసరు పేరు చివర 'యు' అక్షరమున్నచో అది కరెంటు పొదుపు చేయునది; 'హెచ్' ఉన్నచో శక్తియు, వేడియు నెక్కువ. పిల్లలకు కొనునప్పుడు ఆ చివరి యక్షరమును గూడ చదువుడు.

కారణము తెలిసిన దినమున నాన్నగారు నోటితో నేమియు ననలేదు; అన్నగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని భోజనము చేసిరి.