అనీ పపైరసు: పేరు, ఊరు

బ్రిటిషు మ్యూజియమునందలి అనీ పపైరసు, క్రీ.పూ. 13వ శతాబ్దినాటి మృతుల గ్రంథము, ఎవ్వరిదని అడుగ నక్కఱలేదని పలువురి భావము. రాజలేఖకుడు అనీ పేరు, ఆతని భార్య తూతూ పేరు అందే యున్నవి. కాని పెక్కుచోట్ల అనీ పేరు ముందు విడిచిన ఖాళీలలో వేఱు చేతివ్రాతతో నింపబడినది. చుట్ట ముందే సిద్ధమయ్యెను. యజమాని పిదప వచ్చెను. కావున ఆ పేరు స్వామిత్వమునకే సాక్ష్యము, వ్రాసిన చోటికి గాదు. బిరుదములును ఊరు తేల్చవు: ఒకటి థీబ్సు దేవతల నైవేద్యములను, వేఱొకటి అబైడాసు ధాన్యాగారములను పేర్కొనును. 1888లో బడ్జి దీనిని థీబ్సులో సంపాదించెను. చుట్టను 37 ముక్కలుగా కోయించినందులకు ఆయనను నిందింతురు. ముక్కలనైన వరుసగా పేర్చవచ్చును, సమాధి జాడ తెలియకపోవుటయే పెద్ద నష్టము. జాబితాలలో ‘థీబ్సులో వ్రాయబడినది’ అనుటకంటె ‘థీబ్సులో లభించినది’ అనుటయే న్యాయము.