వెనక సీటు మాట ఎవరు చెప్తారు?

కార్తీకమాసం వస్తోందంటే మన ఇళ్ళల్లో పంచారామాల మాట మొదలవుతుంది. ఇదివరకైతే బస్సుల్లో పడి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లో పెద్ద మోటారుసైకిలుంటే "బండి మీద పోదాం, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు" అంటున్నారు మగవాళ్ళు. మా రామచంద్రపురం వాళ్ళకి ద్రాక్షారామం గుమ్మంలో ఉన్నట్టే. సామర్లకోటా దగ్గరే. పాలకొల్లూ భీమవరం వెళ్ళాలంటే గోదావరి దాటాలి. ఇక అమరావతి దాకా అంటే వెనక కూర్చున్నవాళ్ళ నడుం సంగతి శివుడికే తెలియాలి!

మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది 1955లో. ఆనాటి బుల్లెట్ నుంచి 2016లో వచ్చిన హిమాలయన్, 2020లో వచ్చిన మీటియర్ దాకా బండి కొనేటప్పుడు శబ్దం చూస్తారు, రంగు చూస్తారు, మైలేజీ అడుగుతారు. వెనక సీటు మీద కూర్చుని చూసేవాళ్ళెంతమంది? కూర్చునేది మనం కాబట్టి చూసుకోవలసిందీ మనమే. సీటు బాగాలేకపోతే బండి మార్చక్కర్లేదు, సీటు మారిస్తే చాలు. అదీ ఇంట్లోనే అరగంట పని. ఎలాగో చెప్తాను, వినండి.

ముందు ఎంపిక: మెత్తగా ఉన్నదల్లా మంచి సీటనుకోకండి. బూరుగుదూది దిండు మీద తల పెట్టగానే హాయిగా ఉంటుంది, తెల్లారేసరికి అణిగిపోతుంది. పలచని స్పాంజీ కూడా అంతే. కాసేపటికే అణిగి అడుగు రేకు తగులుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. సీటు వెడల్పుగా, సమంగా ఉండాలి. ముందుకి వాలుగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా నడిపే ఆయన వీపు మీదకి జారిపోతాం. ఆయన సీటు మరీ ఎత్తు చేయించకండి. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనకపోతే, ఇద్దరి బరువుతో బండి ఒరిగిపోతుంది.

కొత్తది కొనాలనే లేదు. సీటు కవర్లు కుట్టే షాపులో పాత సీటుకే గట్టి స్పాంజీ వేయించి, పైన కొత్త రెక్సిను కుట్టించుకోవచ్చు. కుట్లు ఎక్కువ ఉన్న డిజైన్లు మనకొద్దు. మన వానలకి ఆ కంతల్లోంచి నీళ్ళు దిగి స్పాంజీ పీల్చుకుంటుంది. ఎండలో కూర్చున్నా చీర తడుస్తుంది!

ఇక మార్చే పని: బండి చల్లారాక, గట్టి నేల మీద సెంటరు స్టాండు వేయండి. తాళం ఆపేసి పెట్టండి. విప్పకముందు నాలుగు వైపులా సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. కొన్ని బళ్ళకి తాళంచెవి తిప్పితే సీటు ఊడుతుంది. కొన్నిటికి స్పానరుతో బోల్టులు విప్పాలి. మీ బండిదేదో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఊడదీసిన బోల్టులూ వాషర్లూ ఒక స్టీలు గిన్నెలో వేయండి. నేల మీద పెడితే ఒకటి తప్పక దొర్లిపోతుంది.

చాలా సీట్లకి ముందు వైపు నాలుకలాంటి కొక్కెం ఉండి, పెట్రోలు ట్యాంకు వైపు ఒక గాడిలో దూరి ఉంటుంది. అందుకని సీటుని నిలువుగా లాక్కండి. వెనక భాగం కొద్దిగా ఎత్తి, వెనక్కి జరిపితే వచ్చేస్తుంది. సీటు కింద బ్యాటరీ, వైర్లు కనిపిస్తాయి. పొడిగుడ్డతో దుమ్ము తుడవండి, తడిగుడ్డ పెట్టకండి. ఎలుక కొరికిన గుర్తులేమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే మెకానిక్కుకి చూపించకుండా బండి తియ్యొద్దు.

కొత్త సీటు పెట్టేటప్పుడు ముందు నాలుకని గాడిలో దూర్చి, తర్వాత వెనక భాగం కిందకి నొక్కాలి. మధ్యలో వైరు నలగకుండా చూసుకోవాలి. నలిగితే తొడుగు చిరిగి షార్టు అవుతుంది. బోల్టుల్ని మొదట చేత్తో నాలుగు చుట్లు తిప్పి, తర్వాతే స్పానరు పట్టండి. మొదటే స్పానరు పెడితే మర చెడుతుంది. తాళం సీటయితే 'టక్' మనే చప్పుడు వినిపించాలి. అది విని సరిపెట్టుకోవద్దు సుమండీ! రెండు చేతులతో పట్టి పైకి లాగండి, అటూ ఇటూ ఊపండి. ఏమాత్రం కదిలినా మళ్ళీ విప్పి బిగించవలసిందే. దారిలో సీటు జారితే ముందు పడేది వెనకున్న మనమే.

మరిచిపోకూడనిది: కొత్త సీటు వెడల్పు పెరిగి చేతిపట్టు అందకుండా పోతే ఆ సీటు మనకొద్దు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి చేతిపట్టు, కాళ్ళు పెట్టుకునే చోటు ఉండాలి. బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే చీరగార్డు కూడా ఉండాలి. "గార్డు తీసేస్తే బండికి అందం" అని మీ అబ్బాయి అంటే ఒప్పుకోకండి. చక్రంలో కొంగు చిక్కుకుంటే కళ్ళు మూసి తెరిచేలోగా మనిషి రోడ్డు మీద ఉంటుంది. కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకోవడం, వీలైతే దూరప్రయాణానికి పంజాబీ డ్రస్సు వేసుకుని రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడం మేలు. ఒక పక్కకి కూర్చుంటే నడుం మెలితిరిగే ఉంటుంది. ఎంత మంచి సీటయినా ఆ నొప్పి తీర్చలేదు. హెల్మెట్టు వెనకవాళ్ళకీ చట్టంలో ఉన్నదే.

యాత్రకి ముందు కొత్త సీటు మీద కోటిపల్లి దాకా ఒకసారి వెళ్ళి రండి. రాగానే తాళం, బోల్టులు మళ్ళీ చూడండి. మొదటి ప్రయాణంలో కొద్దిగా వదులవుతాయి. ఇక దూరం వెళ్ళేటప్పుడు గంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి. నడుం నొప్పి వస్తే పళ్ళ బిగువున ఓర్చుకోకుండా "ఏవండీ, కాస్త ఆపండి" అనండి. అడిగితే ఆపరూ? అడగందే ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

పాత సీటు పారేయకండి. గోనెసంచిలో కట్టి ఎలుకలు ఎక్కని చోట పెట్టండి. బండి అమ్మేనాడు పనికొస్తుంది.