డ్రాగన్ ఎగరవచ్చు, ఆడమనిషి బరువెత్తకూడదా?

ఈ వ్యాసం ఒక ఆట గురించి. అందులోనూ ఆ ఆట నియమాల పుస్తకంలో ఉన్న ఒక చిన్న పట్టిక గురించి. భూమి హక్కు, కూలిరేట్లు, గృహహింస లాంటి సమస్యల మధ్య ఆటల గొడవ మనకెందుకని అనిపించవచ్చు. కానీ స్త్రీకి ఎంత శక్తి ఉండవచ్చో ఎవరో ఒకరు కూర్చుని అంకెలు వేసి నిర్ణయించి, దాన్ని నియమంగా అచ్చువేసిన సందర్భాలు మనకు అంత తేలిగ్గా దొరకవు. చట్టాల్లోనూ ఆచారాల్లోనూ అదే పని జరుగుతుంది గానీ చాటుగా జరుగుతుంది. ఈ పుస్తకంలో మాత్రం బాహాటంగా జరిగింది. అందుకే దాన్ని పరిశీలించడం అవసరం.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేయగా 1974లో మొదట అచ్చయింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు యోధుడి పాత్ర తీసుకుంటే మరొకరు మాంత్రికుడు, ఇంకొకరు దొంగ. వాళ్ళు ఊహాలోకంలో గుహలు దాటుతారు, రాక్షసులతో పోరాడతారు. డంజన్ మాస్టర్ అనే ఆట పెద్ద కథ నడుపుతూ, ఎవరు గెలిచారో ఎవరు పడ్డారో తీర్పు చెబుతుంటాడు. సందేహం వచ్చిన చోట పాచికలు వేస్తారు. మన శిక్షణ శిబిరాల్లో ‘నువ్వు తహసీల్దారు, నువ్వు పింఛను అడగడానికొచ్చిన ఒంటరి మహిళ’ అని పాత్రలు పంచి ఆడించే ఆటకు ఇది దూరపు బంధువే. తేడా ఏమిటంటే వాళ్ళకు వందల పేజీల నియమాలున్నాయి.

1974 నాటి తొలి పుస్తకాల్లో యోధుల వర్గానికి పెట్టిన పేరే ‘ఫైటింగ్ మెన్’. అంటే పోరాడే మగవాళ్ళు. స్త్రీ యుద్ధం చేస్తుందన్న ఊహ ఆ పేరులోనే లేదు. 1978లో ‘అడ్వాన్స్‌డ్’ అనే మాట చేర్చి విస్తరించిన నియమాల పుస్తకం వచ్చింది. ఆ పేరు పోయింది గానీ దానికి బదులు ఒక పట్టిక వచ్చి కూర్చుంది.

ఆ పట్టిక లెక్క ఇది. ప్రతి పాత్రకూ బలం అనే అంకె ఉంటుంది. మూడు పాచికలు వేస్తే 3 నుంచి 18 వరకు వస్తుంది. 18 వచ్చిన యోధుడు మళ్ళీ నూటికి ఎంతో పాచికలు వేసి చూసుకుంటాడు. మగ మనిషి అయితే 100 దాకా వెళ్ళవచ్చు. ఆడమనిషి 50 దగ్గర ఆగిపోవాలి. పాచికలు ఎంత పలికినా సరే, ఆమెకు అదే హద్దు. మిగతా ఊహాజాతుల్లోనూ ఇదే వరస. ఎల్ఫ్ జాతి పురుషుడు 18 దాటి 75 దాకా వెళ్ళగలడు, స్త్రీ 16 దగ్గరే ఆగుతుంది. మూడడుగుల ఎత్తుండే హాఫ్లింగ్ అనే పొట్టి జాతిలో మగవాడి హద్దు 17. అంటే మనిషి నడుం దాకా కూడా రాని మగవాడు, తనకంటే ఎంతో పొడుగైన ఎల్ఫ్ స్త్రీని మించిన బలవంతుడు కాగలడు. 

ఆ అంకె వల్ల ఏం తేలుతుంది? ఎంత బరువు మోయగలరు, బిగిసిపోయిన తలుపును తోసి తెరవగలరా, చెరసాల చువ్వలు వంచగలరా అన్నది తేలుతుంది. చువ్వలు వంచగల అవకాశం గరిష్ఠ బలమున్న మగవాడికి నూటికి 40. గరిష్ఠ బలమున్న ఆడమనిషికి 20. సరిగ్గా సగం. నేను దీన్ని ఉపమానంగా చెప్పడం లేదు. పుస్తకంలో అచ్చయిన లెక్క ఇది.

‘వాస్తవంలో స్త్రీల శరీరం అలాంటిదే కదా’ అన్నది దీనికి సమర్థన. ఈ వాదన మనకు కొత్తది కాదు. కూలి తక్కువిచ్చే ప్రతి చోటా వింటూనే ఉన్నాం. దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది. నిప్పులు కక్కే రెక్కల బల్లి ఎగురుతుంది, చచ్చినవాడు మంత్రంతో లేచి నడుస్తాడు, దానికెవరూ వాస్తవం అడగలేదు. శరీరశాస్త్రం అక్కరకొచ్చింది స్త్రీ బరువెత్తే చోట మాత్రమే. ఊహకు హద్దు లేదని గొప్పగా చెప్పుకున్న ఆటలో స్త్రీ దగ్గర మాత్రమే ఊహ ఆగిపోయింది. పితృస్వామ్య భావజాలం పనిచేసే తీరు ఇదే. అన్నిటినీ మార్చగలిగే చోట కూడా ఒకదాన్ని మాత్రం ప్రకృతి ధర్మమని పక్కన పెడుతుంది.

రెండోది. సగటును హద్దుగా మార్చడం. స్త్రీల సగటు బలం పురుషుల సగటు కంటే తక్కువ కావచ్చు. కానీ ఆ ఆటలో పాత్ర సగటు మనిషి కాదు, వీరనారి. సగటు గురించిన మాటను తీసుకొచ్చి ఏ ఒక్క స్త్రీ దాటకూడని గీతగా గీశారు. ఈ మోసం ఆటతో ఆగలేదు. ఒలింపిక్ క్రీడల్లో స్త్రీలకు వెయిట్‌లిఫ్టింగ్ పోటీ 2000 సంవత్సరం సిడ్నీ దాకా లేనే లేదు. నియమం మారిన ఆ మొదటిసారే, మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. అంతకు ముందు 1994, 1995లలోనే ఆమె ప్రపంచ విజేత. అంటే 1996లో ఆమెకు బలం లేక కాదు, ఆమె ఎక్కడానికి ఒలింపిక్ వేదిక లేదు.

అంత దూరం కూడా అక్కర్లేదు. మన పాతపట్నం చుట్టుపక్కల కొండల్లో కట్టెలమోపు తలమీద పెట్టుకుని, చంటిపిల్లను నడుముకు కట్టుకుని దిగే సవర స్త్రీని ఏ పట్టికలో వేద్దాం? ఆమె మోసేది బలం లెక్కలోకి రాదు, ‘ఆడవాళ్ళ పని’ లెక్కలోకి వస్తుంది. మోసేవాళ్ళు ఒకరు, కొలిచేవాళ్ళు మరొకరు అయినప్పుడు జరిగేది ఇదే.

ఆ పట్టిక 1989లో పోయింది. రెండో కూర్పులో స్త్రీల బలానికి ప్రత్యేక హద్దు తీసేశారు. అయితే అదే పుస్తకంలో ఒక గమనిక ఉంది. పుస్తకమంతటా పుంలింగ సర్వనామమే వాడుతున్నామనీ, దాన్ని అందరికీ వర్తించేదిగా తీసుకోవాలనీ. హద్దు పోయింది, ‘అతడు’ మిగిలాడు. 2000లో వచ్చిన మూడో కూర్పు నుంచి ‘ఆమె’ కూడా నియమాల వాక్యాల్లోకి వచ్చింది.

సర్వనామంలో ఏముందని నవ్వేవాళ్ళు మన వ్యాకరణం చూడాలి. ‘అతడు వచ్చాడు’ అంటాం. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అంటాం. తెలుగులో స్త్రీ ఒంటరిగా ఉన్నంతసేపూ ఆమె క్రియ పశువులతోనూ వస్తువులతోనూ కలిసి ఉంటుంది. పదిమంది కలిస్తేనే ‘వాళ్ళు వచ్చారు’ అని మనుషుల లెక్కలో చేరుతుంది. సంఘం పెట్టుకోమని చెప్పడానికి మనకు ఇంతకంటే మంచి పాఠం అక్కర్లేదేమో. భాష నియమాలు కూడా ఎవరో కూర్చిన నియమాలే, వాటిలో కొలిచినవాడి చెయ్యి కనిపిస్తుంది.

2014 నాటి అయిదో కూర్పు, పాత్రను స్త్రీ పురుష అనే రెండు గళ్ళకే పరిమితం చేయనక్కర్లేదని రాసింది. 2024లో ఆ కూర్పును మళ్ళీ సవరించారు. అంతకుముందు పాత్ర ఏ జాతిలో పుట్టిందన్నదాన్ని బట్టి బలమూ తెలివీ పెరిగేవి. ఇప్పుడు ఆ పెరుగుదలను పుట్టుక నుంచి తీసి, పాత్ర ఏ పని చేస్తూ ఎలా పెరిగిందన్నదానికి ముడిపెట్టారు. ‘రైతు’గా పెరిగిన పాత్ర బలం పెంచుకోవచ్చు. పుట్టుకతో గుణాలు రాసిపెట్టే కులవ్యవస్థలో బతుకుతున్న మనకు ఈ మార్పు విలువ విడమరచి చెప్పనక్కర్లేదు. కానీ ఇక్కడే ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. రైతు అంటే ఎవరు? దమ్ము చేసిన మడిలో నడుం వంచి ఊడ్పులు ఊడ్చే స్త్రీని మన ఊళ్ళో రైతు అనరు, కూలీ అంటారు. సొంత పొలంలో చేసినా రైతు భార్య అంటారు. పట్టాదారు పాస్‌పుస్తకం మీద పేరున్నవాడే రైతు. పనిని బట్టి విలువ ఇస్తామన్న నియమం మంచిదే. ఆ పనికి పేరు పెట్టే అధికారం ఎవరిదన్నది దాని వెనకే రావాలి.

ఈ సవరణలకు వ్యతిరేకత కూడా గట్టిగానే వచ్చింది. 2024లోనే ఆ ఆట తొలినాళ్ళ పత్రాలతో ఒక పుస్తకం ప్రచురించి, ఆ నాటి రాతల్లో స్త్రీలను కించపరిచే ధోరణి ఉందని దాని ముందుమాటలో ఒప్పుకున్నారు. అంతమాత్రానికే ప్రపంచంలోకెల్లా ధనికుల్లో ఒకడైన ఎలాన్ మస్క్ ఆట సృష్టికర్తలను అవమానించారని మండిపడ్డాడు. పాత నియమాలు సంప్రదాయమనీ, వాటిని ముట్టుకోకూడదనీ వాదించేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

ఈ వాదనలో కొంత పట్టించుకోదగ్గది లేకపోలేదు. పాత పుస్తకాన్ని చింపెయ్యమని నేననను. ఆ పట్టిక అలాగే ఉండాలి, చదవాలి. ఎవరు ఏ కాలంలో ఏం నమ్మారో చెప్పే సాక్ష్యం అది. కానీ సాక్ష్యంగా దాచుకోవడం వేరు, ఈ రోజు ఆడుకునే పిల్లల మీద నియమంగా రుద్దడం వేరు. పైగా ఆటలకు మారని సంప్రదాయం ఎక్కడుంది? మన వైకుంఠపాళినే చూడండి. పాముల మీద రాక్షసుల పేర్లు, నిచ్చెనల మీద భక్తి, వైరాగ్యం లాంటి సుగుణాల పేర్లతో నీతి చెప్పే పటం అది. పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండు వెళ్ళి, అక్కడి నీతులు తొడుక్కుని, చివరికి ఏ పేర్లూ లేని పాములూ నిచ్చెనల ఆటగా మిగిలింది. ఆ మార్పుకు ఎవరూ ఉద్యమం చేయలేదు. మార్పు స్త్రీల వైపు జరిగినప్పుడే సంప్రదాయం గుర్తొస్తుంది.

అసలు సంగతి మరొకటుంది. ఆ 1974 పుస్తకమే, మీకు నచ్చినట్టు ఊహించుకోండి, మార్చుకోండి అని చివర్లో చెప్పింది. నియమాలు మార్చుకునే స్వేచ్ఛ మొదటి నుంచీ ఉంది. కానీ ఆ స్వేచ్ఛ ఆచరణలో ఎవరి చేతిలో ఉంది? ఆట పెద్ద చేతిలో. ఆ కుర్చీలో అప్పట్లో కూర్చున్నవాళ్ళలో అత్యధికులు మగవాళ్ళు. 1989 తర్వాత కూడా ఏ ఇంట్లోనైనా ఆట పెద్ద ‘మా బల్ల దగ్గర పాత పట్టికే’ అంటే అదే చెల్లుతుంది. పుస్తకం మారినంత మాత్రాన తీర్పు చెప్పే కుర్చీ మారదు. నా ప్రధానమైన వాదన ఇదే.

మన అనుభవం కూడా ఇదే చెబుతుంది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళను మాత్రం మినహాయించారు. పట్టిక తీసేసి కింద చిన్న గమనిక పెట్టడమంటే ఇదే. ఆ గీత చెరగడానికి 2005 నాటి కేంద్ర సవరణ రావలసి వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండి తీరాలా అన్న పేచీ తీరడానికి 2020లో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది. ఇంతా అయ్యాక, అన్నదమ్ములు ‘పుట్టింటితో బంధం కావాలా, ఎకరం కావాలా’ అని అడిగితే వేలిముద్ర వేసి వచ్చేసే ఆడపడుచులు ఇప్పటికీ ఉన్నారు. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు కుర్చీ ఇచ్చింది. ఆ కుర్చీ పక్కన మరో కుర్చీ వేసుకుని భర్తలు కూర్చున్నారు.

దీనర్థం నియమాలు మార్చడం దండగ అని కాదు. పట్టిక ఉన్నంతకాలం ఆ అమ్మాయి పోట్లాడటానికి కూడా ఆధారం ఉండదు. పట్టిక పోయాక కనీసం ‘పుస్తకంలో అలా లేదు’ అని వేలు పెట్టి చూపించగలదు. చట్టం మనకిచ్చేది ఆ వేలు పెట్టి చూపించే చోటు. మిగతాది మనం తెచ్చుకోవాలి.

అందుకే ఏ నియమ సవరణ మన ముందుకొచ్చినా మూడు ప్రశ్నలు వేయాలని నా ప్రతిపాదన. కొలిచింది ఎవరు? మినహాయింపుల గమనికలో ఎవరిని వదిలేశారు? సవరణ తర్వాత తీర్పు చెప్పే కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఆటకైనా, ఆస్తి చట్టానికైనా, మన స్వచ్ఛంద సంస్థ ఉపనియమాలకైనా ఇవే ప్రశ్నలు.

మన నుంచే మొదలుపెట్టవచ్చు. కిశోర బాలికల బృందాల్లో పాత్రలు పంచి ఆడించేటప్పుడు ఆట నడిపేది ప్రతిసారీ కార్యకర్తే అవుతోంది. తహసీల్దారు ఎప్పుడు కరగాలో, అర్జీ ఎప్పుడు చెల్లాలో మనమే తేలుస్తున్నాం. ఆ కుర్చీని వంతులవారీగా పిల్లలకే ఇద్దాం. నియమం నచ్చకపోతే కారణం చెప్పి, అందరినీ ఒప్పించి మార్చే పద్ధతి వాళ్ళచేతే రాయిద్దాం. మార్చిన నియమం వల్ల ఎవరికి నష్టమో కూడా వాళ్ళనే చూడమందాం. పద్నాలుగేళ్ళప్పుడు ఆటలో నియమం తిరగరాసిన పిల్ల, ఇరవై నాలుగేళ్ళప్పుడు సంతకం పెట్టమని చాచిన కాగితాన్ని చదవకుండా ముందుకు తొయ్యదు.