మన ఆకాశమును మనమే కొలువవలెను

గొలుసు పట్టి పొలము కొలుచు కాలము పోయి, ఉపగ్రహముల రేడియో సంకేతములతో సరిహద్దులు గుర్తించు కాలము వచ్చినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతునకు గుంట భూమి యైనను ప్రాణసమానము. అట్టి భూమిని కొలుచు సంకేతము నేలను చేరుటకు ముందు, ఎండచే విద్యుదావేశము నొందిన అయనోస్ఫియరు అను వాయుపొరను దాటవలసియున్నది. ఆ పొరలో సంకేతమునకు కలుగు ఆలస్యమును తప్పుగా గణించినచో కొలతయు తప్పును.

ఈ పొర నిలుకడ గలది కాదు. తిరునెల్వేలి చెంత నున్న అయస్కాంత మధ్యరేఖపై పగటివేళ ప్లాస్మా సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో పైకి లేచును. పిమ్మట అయస్కాంత బలరేఖల వెంట జారి, ఉత్తరమున మధ్యభారతముపై కుప్పపడును. మన మూడు పట్టణములు ఆ కుప్పకు దక్షిణపు వాలున నున్నవి. కొన్ని ఋతువులలో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పలుచని ప్లాస్మా బుడగలు పుట్టి, తూర్పునకు సాగుచు సంకేతములను చెదరగొట్టును. సమశీతోష్ణ దేశములకై కట్టిన లెక్కలు మనకిచట చాలవు.

ఈ విద్య మనవారికి క్రొత్తది కాదు. 1949లో ఎస్. ఎన్. మిత్ర కేంబ్రిడ్జిలో ఒక పద్ధతిని ప్రకటించెను. దగ్గరదగ్గరగా నిలిపిన మూడు ఏరియళ్ళలో ప్రతిధ్వని హెచ్చుతగ్గులు కనబడు కాలభేదమే అందు చలనవేగమును తెలుపును. 1950 దశకమున వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య బి. రామచంద్రరావుగారును శిష్యులును అట్టి కొలతలు సాగించిరి. నేడు తిరుపతి చెంతనున్న గాదంకిలో 53 మెగాహెర్ట్జుల రాడారు కలదు.

అయినను గాదంకి యొక్కటియే తెలుగుదేశపు ఆకాశమునంతను చూడజాలదు. మన మూడు పట్టణముల కళాశాలలలో చిన్న రిసీవరులను నెలకొల్పుమని మేము కోరుచున్నాము. ఆకాశమున నొక్కచోట నిలిచినట్లుండు ఉపగ్రహపు సంకేతమును మూడును వినవలెను. సెకనుకు 100 మీటర్ల వేగముతో సాగు బుడగ అంచు కోరుట్లను దాటిన మూడు నాలుగు నిమిషములకు జగిత్యాలను చేరును. దక్షిణమున నున్న సిరిసిల్ల రిసీవరు ఆ అంచు వాలును తెలుపును. ఇంతటి గణితము మన విద్యార్థులకు అసాధ్యమా?

కూటికి లేనివారికి ఆకాశపు లెక్కలేల యని కొంద రడుగవచ్చును. ఆ కూటిని పండించు నేల హద్దులే ఈ లెక్కపై నాధారపడుచున్నవని మా సమాధానము. పరుల కొలతను నమ్మి హద్దురాయి పాతుకొనుట స్వరాజ్యమునకు తగిన పని కాదు.