కాలదోషము పట్టని ఋణము

2020వ సంవత్సరమున భారతప్రభుత్వమువారు శచీన్ నాగ్ అను ఈతగానికి ధ్యాన్‌చంద్ పురస్కారమును ప్రకటించిరి. మంచిపనియే. కాని దాని నందుకొనుటకు ఆయన లేడు. 1987 ఆగస్టులోనే కన్నుమూసెను. ఆసియాక్రీడలలో భారతదేశమునకు తొలి స్వర్ణపతకమును సంపాదించినవా డాయన. సంపాదించినది 1951 మార్చినెలలో. విజయమునకును ఈ సన్మానమునకును నడుమ 69 ఏండ్లు. మరణమునకును సన్మానమునకును నడుమ 33 ఏండ్లు. అప్పు పుచ్చుకొన్నవాడు బాకీ తీర్పక కాలము గడపి, ఇచ్చినవాడు పోయిన పిమ్మట అతని పటమునకు పూలదండ వేసి, "చెల్లు" అని తన కాగితముపై తానే వ్రాసికొన్నచో ఏ న్యాయస్థానము సమ్మతించును? జాతి విషయమున మాత్రము మన మందరమును సమ్మతించితిమి. చప్పట్లు కొట్టితిమి. మరునాటికి మరచితిమి.

మేము సమ్మతింపజాలము. మృతునికి పతకమిచ్చుటవలన ఈ ఋణము తీరలేదు. అది తీరు మార్గ మొక్కటియే: ఆయన యే నీటినుండి పుట్టి జాతికి కీర్తి తెచ్చెనో, ఆ నీటిని ఈ దేశపు ప్రతి బాలునకును, ప్రతి బాలికకును తెఱచుట, అందు దిగుటకు ధైర్యమును, దిగినవారికి గురువును చూపుట. ఇది దయాధర్మము కాదు. బాకీ.

ఆ బాకీ యెట్టిదో తెలియుటకు ఆయన జీవితమును కొంత చెప్పవలసియున్నది. శచీన్ నాగ్ 1920లో కాశీయందు జన్మించెను. గంగయే ఆయనకు తొలి పాఠశాల. 1930లో, ఉప్పుసత్యాగ్రహము దేశమంతట ప్రాకిన దినములలో, కాశీ ఘట్టములపై గుమిగూడిన జనమును పోలీసులు లాఠీలతో చెదరగొట్టగా, పదేండ్ల శచీన్ గంగలోనికి దుమికెననియు, అప్పుడు నదిలో జరుగుచున్న ఈతపందెములో కలిసిపోయి మూడవవాడుగా గట్టు చేరెననియు చెప్పుదురు. తరువాత ఆయన కలకత్తా చేరి, హాట్‌ఖోలా క్లబ్బులో ఈదెను. అచ్చటనే దేశములో పేరుగన్న ఈతగాడయ్యెను.

1947లో దేశవిభజన నాటి కల్లోలములలో ఆయన కాలికి తుపాకిగుండు తగిలెను. ఈతగానికి కాలనగా గాయకునికి కంఠమువంటిది. మఱియొకడైనచో అంతటితో నీటికి నమస్కరించి యుండును. శచీన్ నాగ్ మరుసటి యేడే, 1948లో, లండను ఒలింపిక్ క్రీడలకు పోయెను. స్వతంత్రభారతము తన పతాకముతో పాల్గొన్న తొలి ఒలింపిక్ క్రీడ లవి. అచ్చట ఆయన ఈతపందెమునను వాటర్‌పోలో జట్టునను పాల్గొనెను. ఆ జట్టు చిలీ దేశపు జట్టును ఓడించెను. నాటి హాకీ విజయమును నేటికిని తలచుకొందుము, అది తగినదే. గుండు తగిలిన కాలితో నీట దిగినవానిని తలచువా రెందరు?

1951 మార్చిలో న్యూఢిల్లీయందు మొదటి ఆసియాక్రీడలు జరిగినవి. 100 మీటర్ల ఫ్రీస్టైల్ పందెమున శచీన్ నాగ్ ఒక నిమిషము 4.7 సెకండ్లలో గమ్యము చేరి స్వర్ణపతకము గొనెను. అప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు నిండినవి. ఈతగాండ్రు సాధారణముగా గట్టెక్కు వయస్సున ఆయన గెలిచెను. చదువరులు ఇచ్చట నొక్క క్షణ మాగి ఈ మాట వినవలెను: ఆ పతకము తరువాత 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడలవరకు, ఆసియాక్రీడల ఈతపందెములలో భారతదేశమునకు రెండవ స్వర్ణము రాలేదు. 1986లో సియోలులో ఖజాన్‌సింగ్ రజతము తెచ్చెను. 35 ఏండ్లకు వచ్చిన తొలి పతక మది. 2010లో వీర్‌ధవళ్ ఖాడే, 2014లో సందీప్ సెజ్వాల్ కాంస్యములు తెచ్చిరి. ఇంతియే లెక్క. గంగయు గోదావరియు కృష్ణయు కావేరియు ప్రవహించు దేశమున, మూడువైపుల సముద్రముగల దేశమున, ఇదియా లెక్క?

"మన శరీరముల కది తగదు" అని కొందఱు పెద్దలు తేలికగా తీర్పు చెప్పుచుందురు. వారికి ప్రత్యుత్తరము చైనానుండి వచ్చినది. శచీన్ నాగ్ గెలిచిన ఆ 100 మీటర్ల పందెమునే 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలయందు పాన్ ఝాన్లె యను చైనా యువకుడు 46.40 సెకండ్లలో ఈది ప్రపంచరికార్డు నెలకొల్పెను. అతడును ఆసియావాడే. 1951 నాటి మన వాని కాలమునకును 2024 నాటి ఆతని కాలమునకును నడుమ నున్న 18 సెకండ్ల భేదము ఎముకలలో లేదు, రక్తములో లేదు. కొలనులలో ఉన్నది, గురువులలో ఉన్నది, చిన్ననాటినుండి పెట్టిన తిండిలో ఉన్నది.

"పల్లెపిల్లలు కాలువలో ఈదుచునే యున్నారు గదా, వేఱుగా నేర్పుట యెందుకు?" అని మఱికొందఱు. ఇది గట్టున కూర్చున్నవారి వాదము. కాలువ ధైర్యము నేర్పును; గడియారము నేర్పదు. పందెపు టీత వేఱొక విద్య. దిమ్మెమీదనుండి ఎట్లు దుమకవలెనో, గోడ తాకి ఎట్లు తిరుగవలెనో, తిరుగునప్పుడు కాళ్లతో గోడను ఎట్లు తన్నవలెనో, ఎన్ని బారలకు ఒకసారి ఊపిరి తీయవలెనో, ఇవన్నియు కొలతగల కొలనులో, కనిపెట్టి చూచు గురువు ఎదుట ఏండ్లతరబడి చేయవలసిన సాధనలు. అక్షరము నేర్చినంతమాత్రమున అందఱును కవులగుదురా? ఇక కాలువలో ఈత "వచ్చును" అనుకొన్న బిడ్డలగతి యేమి? నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కలే చెప్పుచున్నవి: ఈ దేశమున నీట మునిగి ఏటా 30,000 మందికి మించి చనిపోవుచున్నారు. ఇది ఒక చిన్న పట్టణపు జనసంఖ్య. ఏటేట నొక పట్టణము మునిగిపోవుచుండగా, ఈత విలాసమని వాదించుటకు నోరెట్లు వచ్చును?

"ఆకలిదేశమునకు ఈతకొలనులేల?" అన్నది మూడవ వాదము. ఇది వినుటకు ధర్మముగా నుండును. కాని ఆకలిని అడ్డము పెట్టుకొని బీదవానికి చదువు వలదనినవారిని, వైద్యము వలదనినవారిని మేము చూచియున్నాము. ధనికుని బిడ్డకు రుసుము చెల్లించు క్లబ్బు కొలను కలదు. ఆకలి పేరు చెప్పి ఆ కొలను నెవరును పూడ్పరు. పూడ్చున దెల్ల బీదవాని చెరువునే.

జపాను కథ వినుడు. 1932లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో పురుషుల ఈతపందెములు ఆఱింటిలో ఐదింటి స్వర్ణములను జపానువారు గెలిచిరి. 100 మీటర్ల విజేత మియాజాకికి పదునైదేండ్లు. 1500 మీటర్ల విజేత కితామురాకు పదునాలుగు. ఇరువురును బడిపిల్లలే. ఆ క్రీడలలోనే మన దేశమునుండి నళినమాలిక్ అను వంగయువకుడు ఈదెను. వాని పేరు మన పాఠ్యపుస్తకములలో వెదకి చూడుడు! ఆ తరువాత 1955 మే నెలలో జపానులో షియున్‌మారు అను ఓడ మునిగి 168 మంది చనిపోయిరి. వారిలో పెక్కండ్రు విహారయాత్రకు పోవుచున్న పాఠశాలల పిల్లలు. ఆ దుఃఖము సంతాపసభలతో ముగియలేదు. పాఠశాలలలో కొలనులు త్రవ్వుట, ఈతను పాఠముగా నేర్పుట దేశమంతట వ్యాపించినది. మన కృష్ణా గోదావరులలో పడవలు మునుగలేదా? మునిగినవి. మనము విచారణసంఘములు వేసితిమి, నష్టపరిహారము ప్రకటించితిమి. పిల్లలకు ఈత మాత్రము నేర్పలేదు.

ఇంతకంటె కటువైన మాట యొకటి చెప్పవలసియున్నది. ఈ దేశమున నీరు ఎన్నడును అందఱిదిగా లేదు. 1927 మార్చి 20వ తేదీన మహాడ్ పట్టణమున డాక్టరు అంబేద్కరుగారు వేలాది ప్రజలతో చౌదార్ చెరువునకు నడచి దోసెడు నీరు త్రాగవలసివచ్చినది. ఆ చెరువునీటిపై ఆ జనులకు హక్కు కలదని బొంబాయి హైకోర్టు తేల్చుసరికి 1937 వచ్చినది. దోసెడు నీటికి పదేండ్ల వ్యాజ్యము! త్రాగుటకే దిగనీయని చెరువులో ఈదుటకు దిగనిత్తురా? తరతరములుగా ఎందఱి బిడ్డలను గట్టుమీదనే నిలిపితిమో, వారిలో ఎందఱు శచీన్ నాగులు మొలకలోనే వాడిపోయిరో, ఆ లెక్క యే దస్త్రములోను దొరకదు. ఇక స్త్రీల మాట. బాలికకు పదేండ్లు దాటగానే చెరువుగట్టు నిషిద్ధమగును.

ఆ నిషేధము ఎంత నిరర్థకమో చూపించినవాడును శచీన్ నాగే. హాట్‌ఖోలా క్లబ్బులో ఒక చిన్న బాలికయందలి ప్రతిభను ఆయన గుర్తించి తీర్చిదిద్దెను. ఆమె పేరు ఆరతీ సాహా. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలకు పోవునాటికి ఆమెకు పదునొకండేండ్లు. 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానలును ఈదబోయి విఫలయయ్యెను. వెనుదిరుగక, సెప్టెంబరు 29వ తేదీన 16 గంటల 20 నిమిషములు ఈది దానిని దాటెను. ఆసియాఖండమున ఆ కార్యము చేసిన మొదటి స్త్రీ ఆమె. ఆ ప్రయాణమునకు ధనము కూర్చుటలో నాటి వంగ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ గారు సాయపడిరి. వారికి నమస్కారము. కాని ఒక పెద్దమనుష్యుని దయ కలిగిననాడు దాటుటయు, కలుగనినాడు గట్టున నిలుచుటయు ఒక జాతికి పద్ధతి కాగలదా? దయ వ్యక్తులది, విధి ప్రభుత్వముది.

ఆంధ్రులము మనము వంగదేశము వంక వ్రేలు చూపి కూర్చుండుటకును వీలులేదు. గుంటూరు మండలమున రేపల్లె ప్రాంతపు షంషేర్ ఖాన్ మన తెలుగుగడ్డ బిడ్డ. సైన్యమున చేరి, ఈతలో పేరుగని, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఈదెను. ఆ ప్రయాణమున తిండి ఖర్చులకు అప్పు చేయవలసివచ్చెనని వృద్ధాప్యమున పత్రికలవారితో చెప్పుకొనెను. కొలువు ముగిసిన పిమ్మట పల్లెకు తిరిగివచ్చి, లేమిలో బ్రతికి, 2017 అక్టోబరులో పోయెను. పోయిన తరువాత పత్రికలు ఆయనను ఒలింపిక్ క్రీడలలో ఈదిన మొదటి భారతీయుడని వ్రాసినవి. మొదటివాడు కాడు, 1932లో మాలిక్, 1948లో నాగ్ ఈదియే యున్నారు. ఒకనిని పొగడుటకు ఇద్దఱిని చెరిపివేసితిమి. బ్రతికియుండగా మరచుట ఒక నేరము; చనిపోయిన తరువాత తప్పుగా తలచుట రెండవ నేరము. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెతను మన వారి విషయమున ఇంత శ్రద్ధతో పాటించుటయేల?

కావున మా కోరిక లివి. ప్రతి పురపాలకసంఘమును తన పట్టణమున ఒక కొలనును కట్టింపవలెను; ఉన్నచోట దినమునకు కొన్ని గంటలైనను రుసుము లేకుండ బడిపిల్లలకు విడువవలెను. బాలికలకు వేఱుగా వేళయు, స్త్రీ గురువును ఏర్పఱుపవలెను. కాలువలును చెరువులును గల గ్రామములలో వ్యాయామోపాధ్యాయునికి ముందు ఈత నేర్పి, ఆయనచేత పిల్లలకు నేర్పింపవలెను. ఇందుకు చలువరాతి కట్టడములు అక్కఱలేదు, నాలుగు గుంజలును ఒక మోకును చాలును. దేశముపక్షమున ఒక్కసారి పోటీకి దిగినవాడు, పతకము తెచ్చినను తేకున్నను, ముసలితనమున అన్నమునకై చేయిచాపు గతి రాకుండ చూడవలెను. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులు మొదట తమ ఊరి పురపాలకసభ్యుని ఈ ప్రశ్న యడుగుదురు గాక: మన ఊరిలో ఈదనేర్చిన బాలిక లెందఱు? ఆయనకు సమాధానము తెలియదు. తెలియదని ఆయనచేత సభలో చెప్పించుడు. పని అచ్చటనుండి మొదలగును.

చట్టములో ఋణములకు కాలదోషము పట్టును. మూడేండ్లు దాటినచో సామాన్యమైన ప్రామిసరీనోటు చిత్తుకాగితము. జాతిఋణములకు అట్టి చట్టము లేదు. వడ్డీ పెరుగుచునే యుండును. ఏటేట ముప్పదివేల ప్రాణముల రూపమున దానిని చెల్లించుచునే యున్నాము. అసలు మాత్రము అట్లే నిలిచియున్నది.