సంపాదకుని మాట: ముందు నడక, ఆపైనే పరుగు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. జూలైలో కొత్త బూట్లు కొని, మొదటిరోజే ఆయాసం వచ్చేదాకా పరుగెత్తి, మూడోరోజుకు మోకాలు పట్టుకుని కూర్చునేవాళ్లు ఏటా కనిపిస్తారు. ఈ సంచిక వాళ్ల కోసమే.

మేమిస్తున్న ప్రణాళికకు 1996లో జోష్ క్లార్క్ రూపొందించిన ‘కౌచ్ టు 5కె’ (సోఫా నుంచి 5 కిలోమీటర్ల పరుగుదాకా) మూలం. వారానికి మూడు రోజుల చొప్పున తొమ్మిది వారాలు. మొదటివారం 5 నిమిషాలు చకచకా నడిచాక 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే! ఊపిరి త్వరగానే దారికొస్తుంది, ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికే నెలలు పడుతుంది. అందుకే విశ్రాంతి రోజులు ఎగ్గొట్టకండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం చాలు (మనవాళ్లకు అదేమంత కష్టం కాదు). ఏ వారమైనా బరువనిపిస్తే అదే వారం మళ్లీ చేయండి. పట్టిక 14వ పేజీలో ఉంది.