మైనస్ 2
(మా పేట మాటలు - 17)



ఈసారి వీడియో గేముల గురించి. నవ్వకండి. వట్లూరులో సాయంత్రం కాలేజీ వదిలాక ఏ టీ బంకు దగ్గర చూసినా చేతిలో ఫోను, ఫోనులో యుద్ధం. మీటింగుకి రండ్రా అంటే టైం లేదనే పిల్లలు రోజుకి రెండు గంటలు రాక్షసుల్ని చంపుతారు. ఆ చచ్చేవాడెవడో ఒకసారి చూద్దాం.

క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడినోళ్లకి జెయింట్ తెలుసు. 2012లో వచ్చిన ఆట, హాస్టళ్లలో మహా ఊపు ఊపింది. జెయింట్ అంటే పర్వతం లాంటి మనిషి. ఎంత కొట్టినా తొందరగా చావడు. కానీ వాడికి తెలిసింది ఒక్కటే, ఎదురుగా ఉన్న ఫిరంగినో బురుజునో వెతుక్కుంటూ పోయి కొట్టడం. అవి మిగిలి ఉన్నంతసేపూ శత్రుసైనికులు పక్కనుంచి పొడుస్తున్నా వాళ్ల వైపు తిరగడు. ఆడేవాళ్లు వాడిని ముందు పంపించి, దెబ్బలన్నీ వాడికి తగులుతుంటే వెనకనుంచి అసలు దళాన్ని దింపుతారు. ఇలాంటోణ్ణి గేముల భాషలో ‘ట్యాంక్’ అంటారు. ఇతను మన పక్షంవాడే, గమనించండి. ఎదుటి పక్షంలో ఉంటే ఓగర్, ట్రోల్, ఆర్క్. అదే ఒళ్లు, అదే బుర్ర.

హైదరాబాదులో గేముల కంపెనీలో చేస్తున్న మన కుర్రాడొకడు దీనికి జవాబు చెప్పాడు. ‘అన్నా, ఇందులో కులం ఏముంది? వాడికి బలమూ తెలివీ రెండూ ఇస్తే ఆడేవాడు గెలవలేడు. అందుకే దుడ్డుకర్ర నెమ్మదిగా పైకెత్తిస్తాం, ఆ లోపు పక్కకి తప్పుకోవచ్చు’ అని. సరైన మాటే. పిచ్చెక్కిన ఎద్దుని పెట్టండి, రాతి బొమ్మని పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ మొద్దుకి ఒక గూడెం కట్టి, డప్పులిచ్చి, మెడలో ఎముకల దండ వేసి, ఒంటికి రంగు పూసి, పెళ్లాం పిల్లల్ని కూడా ఇచ్చాక వాడు ఎద్దు కాదు, ఒక జనం. అప్పుడు ఆ మొద్దుతనం ఒకడిది కాదు, పుట్టుకది.

దీన్ని అంకెల్లో అచ్చేసి మరీ అమ్మారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని అమెరికాలో 1974లో వచ్చిన ఆట. పెన్సిలు, కాగితం, పాచికలతో ఆడేది. బలం ఇంత, తెలివి ఇంత, ప్రాణం ఇంత అంటూ ఇవాళ మీ ఫోనుల్లో కనబడే లెక్కల్లో చాలా భాగం దాని కడుపున పుట్టినవే. 2016లో ఆ కంపెనీ వేసిన వోలోస్ గైడ్ టు మాన్‌స్టర్స్ అనే పుస్తకం ప్రకారం ఆర్క్ జాతి పాత్ర తీసుకుంటే బలానికి ప్లస్ 2, తెలివికి మైనస్ 2. నువ్వు ఏ ఆర్క్‌వో, ఏం చదివావో అనవసరం. పుట్టావు, మైనస్ 2. మనువు ఇంత పొదుపుగా రాయలేకపోయాడు.

విమర్శలొచ్చాయి. 2020లో కంపెనీయే ఆర్క్‌ల చిత్రణ నిజమైన జాతుల మీద వేసిన నిందల్లాగే ఉందని ఒప్పుకుని, మైనస్ కొట్టేసింది. 2024 పుస్తకంలో ‘రేస్’ అన్న మాట తీసి ‘స్పీషీస్’ అని పెట్టింది. పేరు మార్చడం మనకి కొత్తా? హరిజనులని పిలిపించుకున్నవాళ్లం.

ఆర్క్‌కి ప్రపంచమంతా పేరు తెచ్చిన టోల్కీన్ కూడా 1958 నాటి ఒక ఉత్తరంలో దాని ముఖం ఎలా ఉంటుందో చెప్పడానికి మంగోల్ ముఖాల్ని కించపరుస్తూ పోల్చాడు. 1994లో మొదలైన వార్‌క్రాఫ్ట్ ఆటలో మనుషుల వైపు కూలీ ‘పెజెంట్’, అంటే రైతు. ఆర్క్‌ల వైపు కూలీ ‘పియన్’. మన ఆఫీసుల్లో బెల్లు కొట్టి పిలిచే ప్యూను, ఆ పియను ఒకే వేరు నుంచి మొలిచిన మాటలు.

విదేశాల సంగతి చాలు. మన బాహుబలి, 2015. కాలకేయులు నల్లరంగు పూసుకున్న మంద. మాహిష్మతి సైన్యానికి త్రిశూల వ్యూహం. కాలకేయుల కోసం మదన్ కార్కి ఏడువందల పైచిలుకు మాటలతో, నలభై వ్యాకరణ సూత్రాలతో కిలికి భాష తయారుచేశారని అప్పట్లో అందరూ గొప్పగా చెప్పుకున్నారు. వ్యాకరణం ఉన్న జనానికి అరుపులూ కేకలే మిగిలాయి! బందీల్ని డాలుగా నిలబెట్టడం మాత్రం వాళ్లకి వచ్చు. అంటే బుర్ర ఇచ్చినచోట కూడా క్రూరత్వానికే ఇచ్చారు.

ఇంతకంటే మంచి రాక్షసుణ్ణి మన నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు 1957లోనే చూపించాడు. మాయాబజార్ ఘటోత్కచుడికి బలమూ ఉంది, యుక్తీ ఉంది. శశిరేఖ వేషంలో కౌరవుల పెళ్లిపందిరిని అల్లకల్లోలం చేసింది గదతో కాదు కదా. శిష్యుల నోట ‘అసమదీయులు, తసమదీయులు’ లాంటి మాటలు పడితే వెక్కిరించకుండా మెచ్చుకున్నాడు. యాస విని నవ్వే క్లాసురూముల్లో కూర్చున్నవాళ్లకి ఆ సీను ఇంకోలా తగులుతుంది.

కానీ సినిమా పెళ్లితో ఆగింది. భారతంలో ద్రోణపర్వం దాకా వెళ్లండి. రాత్రి యుద్ధానికి ఘటోత్కచుణ్ణి పంపుతారు. కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తి ఆయుధాన్ని వాడి మీద ఖర్చుపెట్టేస్తాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు ఆనందంతో గంతులేస్తాడు. కర్ణుడు చంపకపోతే ఒకరోజు నేనే చంపాల్సి వచ్చేది, వాడు బ్రాహ్మణుల్నీ యజ్ఞాల్నీ ద్వేషించేవాడు అంటాడు. భీముడి కొడుకు, పాండవుల్లో పెద్దబిడ్డ. వాడు ట్యాంకు.

బలం మీది, బుర్ర మాది అనే ఈ పంపకం ఆటలో పుట్టలేదు. కొల్లేరు వైపు చేపల చెరువు గట్టు మీద పాకలో కాపలా ఉండే మనిషిని చూడండి. తెల్లారుజామున నీళ్లలో గాలి తగ్గిందని చేప పైకి తేలి నోరు తెరవడం చూసే కనిపెడతాడు. మబ్బు పట్టిన రోజు మేత తగ్గిస్తాడు. పట్టుబడి రోజు మెడలోతు నీళ్లలో వల లాగేవాడికి బురద ఎక్కడ లోతో కాలికి తెలుసు. ఇదంతా తెలివి కాదట, ‘ఒంటికష్టం’ అట. కూలి కట్టేటప్పుడు మైనస్ 2 వేసే కడతారు. అదే మనిషి కూతురు ఇంజనీరింగులో సీటు తెచ్చుకుంటే మెరిట్ గురించి పాఠం మొదలు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది జెయింట్ మొద్దుతనం కాదు, కొట్టేవాడి వైపు తిరగకపోవడం. అది చేతగాక కాదు, రాసినవాళ్లు వద్దనుకున్నారు. కండ కావాలి, మెడ తిరగకూడదు. కారంచేడులో మెడ తిరిగింది. తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని మాదిగలు అడ్డంపడ్డారు, ఒక ఆడమనిషి బిందె ఎత్తింది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు.

కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలకి ఒక పని. ఫైనలియర్ ప్రాజెక్టుకి అదే అటెండెన్సు యాప్ ఎన్నిసార్లు చేస్తారు? ఘటోత్కచుడి రాత్రిని ఆట చేయండి. ఆడేవాడు ఘటోత్కచుడే కావాలి. శక్తి ఆయుధం ఎవరి కోసం దాచారో వాడికి ముందే తెలియాలి. ఆ తర్వాత ముందుకి నడవాలా వద్దా అన్నది ఆడేవాడికి వదిలేయండి.

వచ్చేవారం శంబూకుడి గురించి. కండతో కాదు, తపస్సుతో చచ్చినవాడు. అతని కోసం మొద్దు సైన్యం రాలేదు, రాజే కత్తి పట్టుకుని వచ్చాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుక వధ’ నాటకం చదివి రండి. దొరకనోళ్లు కింద కామెంటు పెట్టండి, నా దగ్గర ఒక కాపీ ఉంది. పేజీలు మడతపెట్టకుండా తిరిగిచ్చేవాళ్లకే.

జై భీమ్.